మానిన గాయము – మానని నొప్పి

పంచాయతి సభ్యుని ఇంటి అరుగుమీదికి వచ్చు ఫిర్యాదులలో వీధిదీపము, మంచినీటి కుళాయి, గట్టు తగవు మాత్రమే గాక, అప్పుడప్పుడు మనిషి ఒంటికి సంబంధించినవి కూడ ఉండును. నర్సీపట్నమునకు సమీపముననున్న మాకవరపాలెం పరిసర గ్రామములనే తీసికొందము. చెరకు నరకు కాలమున మోపు నెత్తుకొని జారిపడిన కూలి యొకడు మూడు వారములు మంచము పట్టి లేచినాడనుకొనుడు. వాపు తీసినది. కమిలిన చర్మము మామూలు రంగుకు వచ్చినది. ఎక్సురే తీయించగా ఎముకలో లోపమేమియు లేదనిరి. ఆరు మాసములు గడచినను ఆతడు నడుము వంచలేకున్నాడు. మేస్త్రి అతనిని పనిదొంగ యనుచున్నాడు. ఇంటివారు మొదట జాలిపడిరి, తరువాత విసుగుకొనిరి, ఇప్పుడు అనుమానించుచున్నారు. ఇట్టివాడు వచ్చి, “నాటకమాడుతున్నాననుకోకండి బాబూ” అన్నప్పుడు సభ్యుడేమి చెప్పవలెను?

గాయము మానినది గనుక నొప్పియు పోయియుండవలెను, పోలేదనువాడు అబద్ధమాడుచున్నాడు అను తర్కము పైకి చక్కగనే కనబడును. కాని మన జ్ఞాననాడులు పనిచేయు తీరు ఈ తర్కమును అంగీకరింపదు. అది ఎట్లో తెలిసికొనుటకు బెల్లము వండు పొయ్యికడకు పోదము.

కాగిన పెనపు అంచు చేతికి తగిలినచో ఏమగును? ముందుగా చేయి వెనుకకు పోవును. అది మనము ఆలోచించి చేసిన పని కాదు. మెదడునకు కబురు అందకమునుపే వెన్నుపాము ఇచ్చిన ఆజ్ఞ. తరువాత సూదితో పొడిచినట్లు చురుక్కుమను నొప్పి తెలియును. అది తగ్గుచుండగా రెండవ నొప్పి వచ్చును. ఇది మంటగా, సలుపుగా, చాలసేపు నిలుచును. ఒకే దెబ్బకు రెండు నొప్పులు వచ్చుటకు కారణము, కబురు మోయు నాడీతంతువులు రెండు రకములుగా ఉండుటయే. ఒక రకమునకు పైన క్రొవ్వుతో చేయబడిన పలుచని తొడుగుండును. వానిలో కబురు సెకనుకు సుమారు 5 నుండి 30 మీటర్ల వేగముతో పోవును. రెండవ రకము తంతువులు మిక్కిలి సన్ననివి, వానికి తొడుగు లేదు. వానిలో కబురు సెకనుకు అర మీటరు మొదలు 2 మీటర్ల వరకు మాత్రమే నడచును. కాలి బొటనవ్రేలికి నిప్పు తగిలినచో, అక్కడినుండి నడుము వరకు మీటరు దూరమనుకొన్నను, మొదటి కబురు బస్సు వేగముతోను, రెండవ కబురు మనిషి నడకతోను వచ్చుచున్నవన్నమాట. ఒకప్పుడు మన పల్లెలకు తంతివార్త ముందును, ఉత్తరము తరువాతను వచ్చినట్లే ఇదియును. వివరము ఉత్తరములోనే ఉండెడిది. దీర్ఘకాలపు నొప్పి కథలోను ఈ నెమ్మదిగా నడచు తంతువులే ముఖ్య పాత్రలు.

ఈ తంతువులు చర్మములోను, కండరములలోను, కీళ్ళలోను చెట్టు వ్రేళ్ళవలె చీలి అంతమగును. ఒక్కొక్క తంతువు ఒక్కొక్క జీవకణపు చేయి. ఆ కణపు శరీరము వెన్నుపాము ప్రక్కనున్న చిన్న ముడిలో ఉండును. కాలివ్రేలి చివరనుండి నడుము వరకు సాగినది ఒకే కణమనిన ఆశ్చర్యముగా నుండును గాని, అది నిజము. తంతువు చివర చర్మములో జరిగిన హాని విద్యుత్ సంకేతముగా మారి వెన్నుపామునకు చేరును. అచ్చట రెండవ కణము దానినందుకొని, సాధారణముగా శరీరపు రెండవ ప్రక్కకు దాటి, పైకి మెదడునకు పంపును. నొప్పి అను అనుభవము అచ్చటనే పుట్టును. నాడి పంపునది హెచ్చరిక, మెదడు దానిని నొప్పిగా తెలిసికొనును. ఈ భేదము చిన్నదిగా తోచవచ్చును గాని ముందు మిక్కిలి అవసరమగును.

హానిని నాడి ఎట్లు గుర్తించును? ఇందుకు సమాధానమును శాస్త్రజ్ఞులకు మన గుంటూరు సీమవారికి బాగుగ తెలిసిన మిరపకాయయే చూపినది. మిరపలోని కారపు పదార్థమునకు కాప్సెయిసిన్ అని పేరు. అది నోటిని నిజముగా కాల్చదు. అయినను కాలినట్లే ఉండును. ఎందుచేత? అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును 1997లో దీని గుట్టు విప్పిరి. నొప్పి తంతువుల కొనలయందు మాంసకృత్తుతో చేయబడిన సూక్ష్మమైన ద్వారము కలదు. దానిని టి.ఆర్.పి.వి.1 అందురు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలినచో ఆ ద్వారము తెరచుకొనును. కాప్సెయిసిన్ తగిలినను అదే తెరచుకొనును. మెదడునకు రెండింటి కబురును ఒక్కటే. అందుకే మిరపకారమును మనము “మంట” అనుచున్నాము. మన భాష ఏనాడో చెప్పిన మాటను ప్రయోగశాల ఋజువు చేసినది. పక్షులలోనున్న ఇట్టి ద్వారము కాప్సెయిసిన్‌కు లొంగదు. చిలుక పండు మిరపకాయను హాయిగా తినుటకు కారణమిదియే. స్పర్శను, ఒత్తిడిని గుర్తించు ద్వారములను కనుగొనిన ఆర్డెం పటాపౌటియన్‌తో కలిపి జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది.

కొనయందలి ద్వారము తెరచుకొన్నంత మాత్రమున కబురు వెన్నుపామును చేరదు. దానిని ముందుకు నడుపుటకు తంతువు పొడవునను సోడియము లవణపు కణములను లోనికి విడుచు వేరు ద్వారములున్నవి. వానిలో ఒకటి పుట్టుకతోనే పనిచేయకున్న ఎట్లుండునో 2006లో వెల్లడియైనది. పాకిస్తాను ఉత్తర ప్రాంతమున పది సంవత్సరముల బాలుడొకడు వీధులలో చేతులకు కత్తులు గుచ్చుకొని, నిప్పులపై నడచి చూపుచుండెడివాడు. అతనికి నొప్పి యన్న నేమో తెలియదు. శాస్త్రజ్ఞులు అతని బంధుకుటుంబములను పరీక్షించి, ఒక జన్యువు చెడుటచే వారి నొప్పి తంతువులలో సోడియము ద్వారము పనిచేయుటలేదని తేల్చిరి. కాని అంతకు పూర్వమే ఆ బాలుడు ఇంటికప్పు మీదినుండి దూకి మరణించెను. అప్పటికి అతనికి పదునాలుగేండ్లు. నొప్పి లేని జీవితము వరమనుకొనువారు ఈ బాలుని తలచుకొనవలెను.

ఇక మన కూలి సంగతి. శరీరములో ఎచ్చటనైన గాయమైనప్పుడు అచ్చటి కణములనుండి ప్రోస్టాగ్లాండిన్లు మొదలగు రసాయనములు వెలువడును. అవి నొప్పి తంతువుల ద్వారములను సడలించును. అప్పుడు 43 డిగ్రీల వేడికి తెరచుకొనవలసినది ఒంటి వెచ్చదనమునకే తెరచుకొనును. సెగగడ్డ లేచిన చోట చొక్కా అంచు తగిలినను ప్రాణము పోయినట్లుండుట అందరికిని అనుభవమే. ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండ ఆపుటచే పనిచేయునని జాన్ వేన్ అను ఆంగ్లేయుడు 1971లో చూపెను. ఇది కాక మరియొక విచిత్రము కలదు. నొప్పి తంతువులలో కొన్ని మామూలు సమయమున గిల్లినను, నొక్కినను పలుకవు. వీనిని నిద్రించు తంతువులందురు. మేలుకొనియున్న మనుష్యుల కాలినాడిలోనికి అతి సన్నని సూదిని పంపి, ఒక్కొక్క తంతువు మోయు కబురును విను పద్ధతిని స్వీడన్ దేశపు వైద్యులు 1960 తరువాత కనిపెట్టిరి. ఆ పద్ధతితోనే 1995లో మనిషి చర్మమున ఇట్టి నిద్రించు తంతువులున్నట్లు వివరముగ ప్రకటించిరి. వాపుగాని, కాప్సెయిసిన్ వంటి రసాయనముగాని తగిలినప్పుడు అవి మేలుకొనును. కుంభకర్ణుని లేపుట కష్టము, లేచిన తరువాత పండుకొనబెట్టుట అంతకంటె కష్టము. దీర్ఘకాలపు నొప్పితో బాధపడు కొందరిలో ఈ తంతువులు ఏ దెబ్బయు లేకుండనే తమంతట తాము కబురు పంపుచుండుట కనబడినది.

ఇంతవరకు చర్మములోను, కండరములోను జరుగు మార్పు. రెండవ మార్పు వెన్నుపాములో జరుగును. దెబ్బ తగిలిన చోటినుండి దినముల తరబడి కబురులు వచ్చుచుండుటచే, వానిని అందుకొను కణములు అతి చురుకుదనమును అలవరచుకొనును. పిదప చిన్న కబురును పెద్దదిగ చేసి పైకి పంపును. తాకుడును సైతము నొప్పిగా పంపును. దీనిని క్లిఫర్డ్ వూల్ఫ్ అను శాస్త్రజ్ఞుడు 1983లో ఎలుకలపై చేసిన ప్రయోగములతో మొదట చూపెను. ఒకమారు దొంగలు పడిన ఊరిలో ఆకు కదలినను కుక్కలు మొరుగును. దొంగ వెళ్ళిపోయి ఆరు మాసములైనను మొరుగుట మానవు. ఎక్సురేలో దొంగ కనబడడు, అది కుక్కల దోషము కాదు, ఇంటివాని అబద్ధమును కాదు. ఎక్సురే ఎముకను చూపును గాని, నాడి యొక్క అతి చురుకుదనమును చూపజాలదు.

వెన్నుపాములో కబురును అణచు ఏర్పాటును కలదు. తగిలిన మోకాలిని వెంటనే చేతితో నిమురుదుము గదా. నిమిరినప్పుడు స్పర్శను మోయు లావైన తంతువులనుండి వచ్చు కబురు, నొప్పి కబురునకు దారిలో తలుపు దగ్గరగా వేయునని మెల్జాక్, వాల్ అను ఇద్దరు 1965లో ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతములోని వివరములు కొన్ని తరువాత మారినను మూలభావము నిలిచినది. మెదడునుండియు క్రిందికి ఆజ్ఞలు వచ్చుచుండును. కబడ్డీ ఆడువాడు మోకాలు చీరుకొనిపోయిన సంగతిని ఆట ముగిసినపిమ్మట గాని ఎరుగడు. ఇందుకు విరుద్ధముగ నిద్రలేమి, దిగులు, భయము ఆ అణచు శక్తిని తగ్గించును. నొప్పిచే నిద్ర చెడును, నిద్ర చెడుటచే నొప్పి హెచ్చును. పైగా ఊరంతయు దొంగవేషమని నిందించుచుండిన ఆ మనిషి దిగులు ఎట్లు తగ్గును?

ఇది ఒకరిద్దరి సంగతియని తలపరాదు. చికున్‌గున్యా జ్వరము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1964–65 సంవత్సరములలోనే విశాఖపట్నము, రాజమహేంద్రవరము, కాకినాడ పట్టణములలో అది వ్యాపించినది. మరల 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో తలయెత్తి, 2006లో దేశమునందు 13 లక్షలకు పైగా జనులను పట్టినట్లు లెక్కకు వచ్చినది. దాని పేరు 1952లో ఆ జ్వరము వ్యాపించిన టాంగన్యీకా దేశపు మకొండె భాషలోనిది. మనిషిని వంచివేయునది అని దాని భావము. జ్వరము వారము దినములలో తగ్గిపోయినది గాని, చేతివ్రేళ్ళ కణుపులు, చీలమండలు, మోకాళ్ళు చాలమందికి మాసముల తరబడి, కొందరికి ఏండ్ల తరబడి నొచ్చినవి. కీళ్ళలోని వాపు పూర్తిగ చల్లారకుండుటయు, నాడుల అతి చురుకుదనమును ఇందుకు కారణములు. ఆ కాలమున నాట్లకు పోలేని స్త్రీలు ఎన్ని మాటలు పడిరో గ్రామములలో జ్ఞాపకమున్నవారు చెప్పగలరు. మూడు మాసములకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి యందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరినుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో, ఇతర వ్యాధి కనబడకున్నను నిలిచియుండు నొప్పికి ప్రత్యేక స్థానమిచ్చినది.

నాడియే దెబ్బతినుట వేరొక విషయము. మధుమేహమున, అనగా జనులు చక్కెర వ్యాధి యనుదానిలో, అన్నిటికంటె పొడవైన తంతువులు ముందుగా చెడును. అందుచేతనే అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, రాత్రివేళ దుప్పటి తగిలినను ఓర్వలేకుండుట మొదలగును. చెడుచున్న తంతువు అనవసరముగ కేకలు వేయును. పూర్తిగ చెడినపిమ్మట మౌనము వహించును. మంట తగ్గినదని రోగి సంతోషించు సమయమే అసలు ప్రమాద సమయము. అప్పుడు కాలిలో ముల్లు దిగినను తెలియదు. కుష్ఠువ్యాధిలోను సూక్ష్మజీవులు నాడులలోనికి చేరి స్పర్శను, నొప్పిని చంపును. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946నుండి పనిచేసిన పాల్ బ్రాండ్ అను వైద్యుడు, ఆ రోగుల వ్రేళ్ళు రోగముచే కుళ్ళి రాలుటలేదనియు, నొప్పి తెలియక తగిలించుకొనిన గాయములచే పోవుచున్నవనియు నిరూపించెను. రాత్రి నిద్రలో ఎలుకలు వ్రేళ్ళను కొరికినను రోగులు మేల్కొనకుండుటను ఆయన కనుగొని, వారికి పిల్లులను పెంచుకొనుమని ఇచ్చెనట! స్పర్శ లేని మచ్చ దేహమున ఎచ్చట కనబడినను, మంటలున్నను లేకున్నను చక్కెర వ్యాధిగలవారి అరికాలికి దూది తాకినది తెలియకున్నను, ఆశా కార్యకర్తతో చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. కుష్ఠువ్యాధికి మందులు ప్రభుత్వము ఉచితముగ ఇచ్చుచున్నది. నొప్పి లేనందున ఆ రోగి తనంతట తాను వైద్యునికడకు పోడు. స్పర్శ లేని కాళ్ళకు వేడినీటి కాపడము పెట్టరాదు, బొబ్బలెక్కినను వారికి తెలియదు.

నొప్పికి వాత పెట్టించు ఆచారము మన గ్రామములలో ఉండెడిది, కొన్నిచోట్ల ఇంకను కలదు. వాత పెట్టినపిమ్మట కొంతసేపు తేలికగ ఉండుట పూర్తిగ భ్రమ కాదు. ఒకచోటి తీవ్రమైన నొప్పి మరియొకచోటి నొప్పిని తాత్కాలికముగ అణచునని 1979లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఎలుకలయందు చూపిరి. కాని అది నిమిషముల సంగతి, వాత పుండు మాత్రము వారములు నిలుచును, చీము పట్టిన ప్రాణము మీదికి వచ్చును. పసిబిడ్డలకు వాతలు పెట్టుటను సభ్యులు ఎంతమాత్రము సహింపరాదు.

వాతకంటె నేడు ఎక్కువ హాని చేయుచున్నది దుకాణములో చీటీ లేకుండ కొను నొప్పి బిళ్ళ. గాయమైన తొలి దినములలో అది మంచి మందే, ప్రోస్టాగ్లాండిన్లను అణచును గనుక. వెన్నుపాములో మార్పు వచ్చినపిమ్మట దాని ప్రయోజనము స్వల్పము. నొప్పి తగ్గలేదని బిళ్ళలు హెచ్చించినకొలది కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు దెబ్బతినును. రంగురంగుల పొట్లములలో పేరులేకుండ ఇచ్చు బిళ్ళలలో స్టెరాయిడ్లు కలిసియుండవచ్చును. అవి రెండు దినములలో అద్భుతము చూపి, రెండేండ్లలో ఎముకలను గుల్లచేయును. నాడుల అతి చురుకుదనమును తగ్గించు మందులు వేరుగా నున్నవి. వానిని వైద్యుడే నిర్ణయింపవలెను. పైన చెప్పిన సోడియము ద్వారములలో ఒకదానిని మూయు క్రొత్త మందునకు 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. అయితే ఆ అనుమతి క్రొత్తగా వచ్చిన నొప్పికే గాని, ఏండ్లనాటి నొప్పికి కాదు.

మన కూలికి ఏది మేలు? నడుము నొప్పితోపాటు కాళ్ళలో బలము తగ్గుట, మూత్రము కట్టుట లేక తెలియకుండ పోవుట, తొడల నడుమ స్పర్శ లేకుండుట, జ్వరము, కారణము లేకుండ చిక్కిపోవుట ఉన్నచో ఒక్క దినము ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి పంపవలెను. ఇవి లేనిచో మంచముపై పడియుండుట మంచిది కాదు. చాలకాలము కదలకున్న నడుము కండరములు బలహీనపడును, కదలికయనిన భయము హెచ్చును, నాడులు మరింత జాగరూకమగును. నొప్పి ఉన్నది గనుక లోపల ఏదో తెగుచున్నదని ఆతడు భయపడుచుండును. ఇది హెచ్చరికయే గాని క్రొత్త గాయము కాదని వైద్యుడు వివరించి చెప్పిన, సగము భారము దిగును. దినమునకు కొంతదూరము నడక, వైద్యుడు చూపిన వ్యాయామములు, వేళకు నిద్ర – ఇవి చౌకయైనవి గనుక చులుకనగ చూడబడుచున్నవి గాని, పెక్కు బిళ్ళలకంటె మేలైనవి.

మేస్త్రిని పిలిపించి మాటాడుట సభ్యునికి సాధ్యమగు పని. మోపులు మోయు పనికి బదులు మొదటి వారములలో గడలకు ఆకు తీయుట, మోపులకు కట్లు కట్టుట వంటి పనిని సగము పూటకు ఇప్పించవలెను. ఒకే భంగిమలో గంటల తరబడి వంగియుండకుండ నడుమనడుమ లేచి తిరుగనీయవలెను. పదునైదు దినములకొకమారు పనిని కొంచెము హెచ్చించవలెను. నొప్పి ఒక దినము హెచ్చినదని పని పూర్తిగ మాన్పించుటయు, తగ్గినదని ఒక్కమారుగ పూర్తి మోపు ఎత్తించుటయు రెండును చెరుపే. ఈ విధముగ కొందరు కొన్ని మాసములకు తిరిగి పాత పనికి పోగలుగుదురు. కొందరికి మోపు ఎత్తుట ఇక సాధ్యము కాదు. అట్టివారికి గానుగకడ రసము వడకట్టుటయో, బెల్లపు దిమ్మలు లెక్కించుటయో అప్పగించవచ్చును.